తల్లి చెట్టుకు తాళం

మా నాన్న భీమరాజు ఇంటి తాళంచెవి ఎవరి చేతిలోనైనా పెట్టి ఊరెళ్ళిపోగలడు గాని, సంపెంగల దగ్గర మాత్రం కన్నబిడ్డను కూడా నమ్మడు. ఇది కోపంతో అంటున్న మాట కాదు. నేను కన్నబిడ్డను కాబట్టి తెలిసి అంటున్నాను. ఆ సంగతి నాకు బోధపడింది మాత్రం, కాలువలు కట్టేసిన ఆ ఒక్క వేసవిలోనే.

మా నర్సరీ కడియపులంక దారిలో ఉండేది. రోడ్డు వైపు గులాబీలు, మందారాలు, క్రోటన్లు, మామిడంట్లు, అన్నీ నల్ల పాలిథిన్ సంచుల్లో బారులు తీరి ఉండేవి. లారీలు ఆగేదీ, బేరాలు సాగేదీ అక్కడే. వెనక కొబ్బరి మట్టల తడిక, దానికి చిన్న తలుపు. ఆ తలుపు అవతల అరెకరం నేలలో తల్లి చెట్లుండేవి. అంటు కట్టడానికి కొమ్మలిచ్చే చెట్టును మా వైపు తల్లి చెట్టంటాం. మోకాలెత్తు కూడా రాకముందే పూసే సంపెంగ రకం ఒకటి మా నాన్న దగ్గర ఉండేది. ఎక్కడ సంపాదించాడో మా అమ్మకు కూడా చెప్పలేదు. దాని వాసన రోడ్డు దాటి కాలువ గట్టు దాకా పోయేది గాని, చెట్టు మాత్రం ఎవరి కంటా పడేది కాదు.

ఇందులో మా నాన్న ఒక్కడి వింతేమీ లేదు. కడియంలో ఎవరూ తమ తల్లి చెట్లను పైవాళ్ళకు చూపించరు. ఒక్క పుల్ల చేతికి చిక్కిందంటే మరుసటేటికి అదే మొక్క ప్రతి నర్సరీ ముందూ కనిపిస్తుంది. పక్క నర్సరీ లోవరాజు బాబాయ్ వారానికోసారైనా మా ఇంట్లో భోంచేసేవాడు. అంత చనువున్నవాడు కూడా ఆ తడిక వైపు తిరిగి చెయ్యి కడుక్కునేవాడు కాదు. అడగకపోవడమే అక్కడ మర్యాద.

నా పెళ్ళి గణేష్‌బాబుగారితో అయింది. పాలకొల్లు వాళ్ళు. ఆయన కరెంటాఫీసులో ఏఈ. పెళ్ళయిన ఆరేళ్ళకు బదిలీ మీద మా కడియం సెక్షనుకే వచ్చారు. పుట్టిల్లు స్కూటరు దూరంలోకి వచ్చిందని నేను ఎగిరి గంతేశాను. అల్లుడు కరెంటు వాడైతే మోటారు కాలినా దిగుల్లేదని మా నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. పాపం, ఆ సంబరం ఎంతోకాలం నిలవలేదు.

ఉమ్మడి రాష్ట్రంలో కరెంటు బోర్డును విడగొట్టి, కంపెనీలు చేసి, వాటి మీద విద్యుత్ నియంత్రణ మండలిని కూర్చోబెట్టిన కొత్త రోజులవి. ఆ ఏడాది శివరాత్రి వెళ్ళాక కంపెనీ నుంచి మా ఆయనకు ఉత్తర్వు వచ్చింది. నర్సరీలన్నీ తనిఖీ చేయాలి. నేలలో సాగు చేసేదైతే వ్యవసాయం కింద ఉంచాలి, సంచుల్లో పెంచి అమ్మేదైతే వ్యాపారం కింద రాయాలి. వ్యాపారం కిందికి వెళితే మోటారు కరెంటు రేటు ఎంత పెరుగుతుందో వినగానే ఊళ్ళో సగంమంది తలలు పట్టుకున్నారు. బోరు లేకపోతే నర్సరీ లేదు.

"మా నాన్నది ఇంకెవరిచేతైనా రాయించండి," అన్నాను.

"అందరివీ నేను రాసి, ఆయనది మాత్రం ఇంకొకరిచేత రాయిస్తే బావుంటుందా తులసీ? ఊళ్ళో ఏమనుకుంటారు?" అన్నారు ఆయన. ఆయన మాటలో తప్పు పట్టడానికి నాకు ఏమీ దొరకలేదు, అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

తనిఖీ రోజున నేనూ వెళ్ళాను. ఇద్దరు లైన్‌మేన్లు, మా ఆయన, చూడ్డానికొచ్చిన లోవరాజు బాబాయ్, మరో నలుగురైదుగురు నర్సరీల వాళ్ళు. మా నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, అల్లుడికి కొబ్బరి బొండం కొట్టించి, రోడ్డు వైపు బారులన్నీ దగ్గరుండి తిప్పి చూపించాడు. ఏ గులాబీ ఏ ఊరు వెళుతుందో, ఏ క్రోటన్ ఏ మంత్రిగారి ఇంటి ముందుందో గొప్పలు చెప్పాడు. అంతా చూసి మా ఆయన ఆగారు.

"నేలలో నాటినవేమైనా ఉన్నాయా మామయ్యగారూ?"

మా నాన్న లోవరాజు బాబాయ్ వంక చూశాడు, లైన్‌మేన్ల వంక చూశాడు. "ఇంతేనండి, అల్లుడుగారూ. చూసేరు కదా," అన్నాడు.

సంపెంగ వాసన గుప్పుమంటోంది. అక్కడున్న ప్రతివాడి ముక్కుకూ అది తగులుతోంది. అందరూ మొహాలు మామూలుగా పెట్టుకుని నిలబడ్డారు. పాలకొల్లు వాడైన మా ఆయనకు ఆ మర్యాద తెలియదు. ఉన్నదున్నట్టు నమ్మి, నేలలో మొక్కలు లేవని రాసేశారు.

వ్యాపారం కిందికి మారుస్తున్నట్టు కాగితం వస్తే మా నాన్న సంతకం పెట్టనన్నాడు. గడువిచ్చారు, పెట్టలేదు. ఉగాది వెళ్ళిన వారంలోనే స్తంభం మీద వైరు తప్పించేశారు. పని చేసింది లైన్‌మేనే అయినా, కింద నిలబడ్డది మా ఆయన. ఆ పూట మా అమ్మ ఆయనకు మంచినీళ్ళివ్వడానికి చెంబు పట్టుకుని వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది. మా నాన్న వద్దని చెయ్యి ఊపాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మరమ్మతులకని కాలువల్లో నీళ్ళు కట్టేశారు. మిగిలింది బోరొక్కటే, దానికి కరెంటు లేదు. అద్దె డీజిలు ఇంజను తెచ్చారు. అది గంట నడిస్తే రెండు గంటలు మొరాయించేది. రోడ్డు వైపు మొక్కలకే ఆ నీళ్ళు చాలేవి కావు. ఆకుల అంచులు మాడడం మొదలైంది. చంటిబిడ్డకు జ్వరమొచ్చినట్టు ఇల్లంతా గుసగుసగా మాట్లాడుకునేవాళ్ళం.

నాకు దాచడం చేతకాదు. ఒక పొద్దున్న మా ఆయన టిఫిను చేస్తుంటే ఎదురుగా కూర్చున్నాను.

"తడిక వెనక అరెకరం ఉందండి. నేలలోనే ఉన్నాయి, తల్లి చెట్లన్నీ. మా నాన్న ఎవరికీ చూపించడు."

ఆయన చేతిలో ఇడ్లీ ముక్క అలాగే ఉండిపోయింది. "నాక్కూడానా?"

నేనేం చెప్పను? ఆరేళ్ళుగా పండగలకీ పబ్బాలకీ వచ్చి, ఆ తడికకు పదడుగుల దూరంలో మంచం వేసుకుని పడుకున్న మనిషి. ఆయన ఆ ముక్క పళ్ళెంలో పెట్టేశారు. తర్వాత, "కళ్ళతో చూడనిది నేను రాయలేను తులసీ. ఆయన చూపిస్తే ఈ రోజే మళ్ళీ రాసి పంపిస్తాను," అన్నారు.

ఆ మాట పట్టుకుని అప్పటికప్పుడు ఆటో ఎక్కాను. నాన్న రోడ్డు వైపు కనబడలేదు. తడిక దగ్గరకు వెళ్ళి తలుపు తోశాను. లోపలి వైపు తాళం. మా చిన్నప్పుడు అక్కడ తాళం ఉండేది కాదు, తాడుతో కట్టేవాళ్ళం. ఆ ముడి విప్పడం ఊళ్ళో నాకూ నాన్నకూ మాత్రమే తెలుసు. సందులోంచి చూస్తే నాన్న లోపలే ఉన్నాడు. కావడితో మోసుకొచ్చిన నీళ్ళు చెంబుతో ఒక్కొక్క సంచిలో పోస్తున్నాడు.

అక్కడ పని ఎలా జరుగుతుందంటే, సంచిలో పెరిగిన నాటు మొక్కను వెదురు మంచె మీద పెట్టి, తల్లి చెట్టు కొమ్మ పక్కకు చేరుస్తారు. రెండింటి బెరడూ కాస్త చెక్కి, చెక్కిన చోట ఒకదానికొకటి ఆనించి కట్టేస్తారు. నెలల తరబడి అలా ఉంటే రెండూ ఒకటవుతాయి. అప్పుడు తల్లి వైపు కోసి మొక్కను దించుతారు. ఈలోగా నీరు తప్పితే కట్టు ఎండిపోతుంది, మొక్కా పోతుంది, కొమ్మా పోతుంది. ఆ ఏడు మాఘంలో కట్టిన అంట్లు అవి. అవి దక్కితేనే వానాకాలం లారీలకు సరుకు. దక్కకపోతే నర్సరీ తీసేసి కూలికి పోవడమే.

"నాన్నా, తలుపు తియ్యి."

బయటికి వచ్చి, తాళం వేసి, అప్పుడు మాట్లాడాడు. "ఏంటమ్మా ఇంత ఎండలో?"

"ఆయనకి చెప్పేశాను. చూపిస్తే మళ్ళీ రాస్తానన్నారు."

నాన్న మొహం నల్లబడింది. "చెప్పేసేవా? ఎంత పని చేసేవే! ఆయన వెనకాల ఇద్దరు లైన్‌మేన్లు వస్తారు, వాళ్ళ వెనకాల ఊరొస్తుంది."

"అల్లుడు నాన్నా ఆయన!"

"అల్లుడైతే మాత్రం? పై ఊరు మనిషి. రేపు బదిలీ మీద ఇంకో ఊరెళ్తారు, ఎవరో అడుగుతారు, మొహమాటపడి ఓ పుల్ల తీసిస్తారు."

"మరి నాకెందుకు తాళం వేశావు?"

ఆయన కావడి బద్ద మీది బురద గోటితో గీకుతూ నిలబడ్డాడు. "నువ్వూ ఆ ఇంటికే వెళ్ళిపోయేవు కదమ్మా," అన్నాడు నెమ్మదిగా.

నాకు ఏడుపొచ్చింది. ఇంత మాట మా అత్తవారు నన్ను ఏనాడూ అనలేదు. వెనక్కి తిరిగి రోడ్డు మీదికి వచ్చేశాను. ఎండలో ఆటో దొరికే దాకా మా నాన్నను నా మనసులో తిట్టని తిట్టు లేదు.

నర్సరీల సంఘం వాళ్ళు నియంత్రణ మండలికి అర్జీ పెట్టారు. "అదీ కరెంటాఫీసేగా, దొంగచేతికే తాళమిచ్చినట్టు," అని మా నాన్న కొట్టిపారేశాడు. మా ఆయన నాతో చెప్పి పంపించారు: అది మా ఆఫీసు కాదు, మా మీద అజమాయిషీ చేసేది. కంపెనీ తనకు తోచిన రేటు వేయడానికి లేదు, ఎవరు ఏ వర్గంలోకి వస్తారో మండలే తేలుస్తుంది, తేల్చేముందు అందరి మాటా వింటుంది. ఆ మాట విన్నాక నాన్న, బీరువాలోంచి మంచి పంచె తీయమని అమ్మతో అన్నాడు.

విచారణ రాజమండ్రిలో ఒక కల్యాణ మండపంలో పెట్టారు. పెద్దవాళ్ళు వస్తున్నారంటే మా కడియం వాళ్ళు ఊరుకుంటారా! తెల్లారేసరికే వ్యానులో మొక్కలు దింపేశారు. వేదిక చుట్టూ పామ్ మొక్కలు, మెట్ల మీద క్రోటన్లు, మండలి పెద్దలు ముగ్గురి కుర్చీల పక్కన ఒక్కొక్క మామిడంటు రిబ్బను కట్టి మరీ పెట్టారు. కలెక్టరొచ్చినా, పెళ్ళివారొచ్చినా మా వాళ్ళ అలవాటు అదే.

మండలి అధ్యక్షుడు నెరిసిన జుట్టాయన, మాట మెత్తన. రాగానే వేదిక వంక చూసి, "బావున్నాయండి. కాని ఇవన్నీ బయట పెట్టించండి. మీ తగువు తేలేదాకా మీ దగ్గర పువ్వు కూడా తీసుకోకూడదు మేము," అన్నారు.

మొక్కలు మోసుకెళుతుంటే కంపెనీ తరఫు లాయరు లేచాడు. "ఇదేనండి మేం మనవి చేసేది! రైతన్నవాడు వరి కంకులు తెచ్చి స్టేజీ డెకరేషన్ చెయ్యడండి. ఇది వ్యాపారం."

హాలంతా నవ్వు. నవ్వినవాళ్ళలో మా వాళ్ళూ ఉన్నారు, తర్వాత నాలుక కరుచుకున్నారు. మా వాళ్ళ మర్యాదే మా మెడకు చుట్టుకుంది.

తనిఖీ చేసిన అధికారిని పిలిచారు. మా ఆయన లేచారు. ఆయన పై అధికారి ఎస్‌ఈ చంద్రరావుగారు ముందు వరసలోనే కూర్చున్నారు. ఆయన చూపు మా ఆయన మీదే ఉంది. మా నాన్న రెండో వైపు, సంఘం వాళ్ళ మధ్య.

"భీమరాజుగారి నర్సరీలో నేలలో నాటిన మొక్క ఏదైనా చూశారా?" అని అధ్యక్షుడు అడిగారు.

"లేదండి. చూడలేదు."

"లేవంటారా, చూడలేదంటారా?"

వెనక అరెకరం ఉందని మా ఆయనకు తెలుసు. నేను చెప్పగా తెలుసు. అది అక్కడ అనేస్తే మామగారు ఇన్నేళ్ళు దాచింది ఊరందరి ఎదుటా బయటపెట్టినట్టు. అనకపోతే ఆయన ఉద్యోగధర్మానికే లోటు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"నాకు చూపించినంత మేర నేను చూశానండి," అన్నారు. "అంతకు మించి చెప్పవలసింది ఆ నర్సరీ యజమాని."

మా నాన్న లేచి నిలబడ్డాడు. ఎవరూ పిలవలేదు.

"ఆయన తప్పేం లేదండి. నేను చూపించలేదు గనక ఆయన చూడలేదు. వెనకాల అరెకరం ఉందండి."

అధ్యక్షుడు కళ్ళజోడు తీశారు. "అయితే మేమొచ్చి చూస్తాం. కాని చాటుగా చూడడానికి మాకు లేదు. కంపెనీ వాళ్ళుంటారు, మీ సంఘం వాళ్ళుంటారు, చూడాలనుకున్నవాళ్ళు ఎవరైనా రావచ్చు. మీకు సమ్మతమేనా?"

మా నాన్న ఆయన వంక చూడలేదు. వెనక్కి తిరిగి, బారుగా కూర్చున్న నర్సరీల వాళ్ళ వంక చూశాడు. ఎన్నేళ్ళ నుంచో ఆ వాసన పీల్చి మొహాలు మామూలుగా పెట్టుకున్నవాళ్ళే అందరూ. లోవరాజు బాబాయ్ తల దించుకుని తన చెప్పులు చూసుకుంటున్నాడు.

"రమ్మనండి," అన్నాడు నాన్న. "అందరినీ రమ్మనండి."

ఆ మధ్యాహ్నమే వచ్చారు. మూడు జీపులు, వాటి వెనక ఊళ్ళో ఉన్న మోటారు సైకిళ్ళన్నీ. నాన్న మొలతాడుకున్న తాళంచెవి తీసి తలుపు దగ్గర నిలబడ్డాడు. చెవి తాళంలో పడడానికి కాస్త టైము పట్టింది. తలుపు తెరిచి, మా ఆయన వైపు తిరిగాడు.

"అల్లుడుగారూ, మీరు ముందు నడవండి."

ఆయన చెప్పులు విప్పి లోపలికి వెళ్ళారు. విప్పమని ఎవరూ అనలేదు. ఆయన వెనక అధ్యక్షుడు కూడా బూట్లు విప్పారు. ఇక లాయరుకు తప్పలేదు.

లోపల సంపెంగ చెట్లు, ఒక్కొక్క దాని చుట్టూ వెదురు మంచెలు, మంచెల మీద సంచులు, ప్రతి సంచి మొక్కా తల్లి కొమ్మకు కట్టి ఉంది. కొన్ని కట్లు అప్పటికే ఎండి నల్లబడ్డాయి. ఒక చెట్టు ఒక వైపంతా వాడిపోయింది. ఆ వైపు చూడగానే నాకు దుఃఖం ఆగలేదు.

అధ్యక్షుడు ఒక కట్టు దగ్గర వంగారు. "ఈ మొక్క ఇప్పుడు నీళ్ళు ఎక్కణ్ణుంచి తాగుతోంది?"

"పైన కొమ్మంతా తల్లి నుంచేనండి. సంచిలో వేరు ఇంకా పూర్తిగా అందుకోలేదు," అన్నాడు నాన్న.

"తల్లి?"

"నేల్లోంచి."

ఆయన తలూపి, చంద్రరావుగారి వైపు చూశారు. "తుది ఉత్తర్వు తర్వాత ఇస్తాం. ఈలోగా వీళ్ళకి నీళ్ళు ఆపకండి."

అంతే. పెద్ద మాటలేమీ లేవు. చుట్టూ నర్సరీల వాళ్ళు చేతులు వెనక్కి కట్టుకుని, కళ్ళు మాత్రం కొమ్మల మీద పెట్టి తిరుగుతున్నారు. నాన్న ఎవరినీ చూడనట్టు ఆకాశం వంక చూస్తూ నిలబడ్డాడు. అలా నిలబడడానికి ఆయనకు ఎంత ఓపిక కావలసొచ్చిందో నాకు తెలుసు.

సాయంత్రానికి వైరు కలిపారు. మా ఆయన స్టార్టరు నొక్కగానే గొట్టంలోంచి ముందు గాలి, తర్వాత ఎర్రనీళ్ళు, ఆ తర్వాత తేటనీళ్ళు వచ్చాయి. అమ్మ వైరు తప్పించిన రోజు నుంచి బాకీ ఉన్న మంచినీళ్ళ చెంబు తెచ్చి అల్లుడి చేతికిచ్చింది.

జనం వెళ్ళిపోయాక నాన్న చెట్లన్నీ ఒక చుట్టు తిరిగి, గట్టు వైపు సంపెంగ దగ్గర ఆగాడు. ఒక చిన్న కొమ్మ లేదు. కోసిన చోట తడి ఇంకా ఆరలేదు.

"లోవరాజే," అన్నాడు. "కత్తి మొండిది, చూడు, బెరడు ఎలా చీరేసేడో. అడిగితే నేనే కోసిచ్చేవాణ్ణిగా."

"అడిగితే ఇచ్చేవాడివా?" అన్నాను. కోపం ఇంకా పోలేదు నాకు.

కాసేపు ఆలోచించాడు. "ఇచ్చేవాణ్ణి కాదులే," అన్నాడు. నాన్నా, నేనూ, మా ఆయనా ముగ్గురం నవ్వేశాం.

నాన్న జేబులోంచి అంట్ల కత్తి తీసి, పిడి నా వైపు పెట్టాడు. "బాగా కలిసినవి ఓ నాలుగున్నాయి. దింపు."

పెళ్ళికి ముందు నేను పట్టిన కత్తే అది. మొదటి కట్టు దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. తల్లి వైపు కోయాలి, ఒక్క దెబ్బకు తెగాలి. చిన్నప్పుడు సరదాగా చేసిన పని. ఇప్పుడు ఆ కొమ్మ నాకు వేరుగా కనిపించింది.

"భయపడకు. కోసినంత మాత్రాన అది సంపెంగ కాకుండా పోతుందా?" అన్నాడు నాన్న, నా మొహం చూడకుండా. అప్పుడు కోశాను.

వానలు పడ్డాక ఉత్తర్వు వచ్చింది. మా నర్సరీలు వ్యవసాయం కిందే ఉన్నాయి. దక్కిన అంట్లు దక్కాయి, సగానికి సగం పోయాయి. మరుసటేడు లోవరాజు బాబాయ్ నర్సరీ ముందు పొట్టి సంపెంగలు బారుగా పూశాయి. ఆయన మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు ఆ ప్రస్తావన ఆయనా తేలేదు, మా నాన్నా తేలేదు.

ఇదంతా అయ్యాక నాన్న మారిపోయాడనుకుంటే పొరపాటే. మరునాడే తడికకు మళ్ళీ తాళం వేశాడు, ఈసారి ఇంకా పెద్దది. కాకపోతే తాళంచెవులు రెండు చేయించాడు. రెండోది మా ఆయన చేతిలో పెట్టి, "లైన్‌మేన్లకి మాత్రం ఇవ్వకండేం, అల్లుడుగారూ," అన్నాడు. ఆ తర్వాత మాకు చాలా ఊళ్ళకు బదిలీలయ్యాయి. ప్రతి ఊళ్ళోనూ ఆఫీసు తాళాలు ఆఫీసులో అప్పజెప్పి వచ్చేవారు మా ఆయన. ఆ ఒక్క తాళంచెవి మాత్రం ఈ రోజుకీ ఆయన మొలతాడుకే ఉంది.